కాలెత్తే చోటు లేక ఆడకుక్కలు

ప్రశ్న: మాస్కో వీధికుక్కల వెంట తిరుగుతూ, మధ్యలో అంతరిక్షంలోకి పంపిన కుక్కల పాత ఫిల్ములు చూపించే డాక్యుమెంటరీ ఒకటి చూశానండీ. లైకా కూడా వీధికుక్కేనట! రష్యావాళ్లకి మంచి జాతికుక్కలు దొరకలేదా? అన్నీ ఆడవే ఎందుకు?

జవాబు: దొరక్క కాదండీ, కావాలనే. ఆ చలికీ ఆకలికీ ఓర్చుకుని రోడ్డు మీద బతికి బట్టకట్టిన కుక్క రాకెట్‌లోనూ తట్టుకుంటుందని వాళ్ల లెక్క. చిన్నగా ఉండాలి, కెమెరాకి బాగా కనబడాలి కాబట్టి ఒంటి రంగు లేతగా ఉంటే మేలు. ఆడవే ఎందుకంటే, నవ్వకండి, మగకుక్క కాలెత్తాలి కదా, ఆ ఇరుకు క్యాబిన్‌లో కాలెత్తే చోటేదీ? అందుకే మలమూత్రాల సంచి కూడా ఆడకుక్కల ఒంటికి సరిపోయేలాగే చేశారు. ఇక శిక్షణంటే, ఒకదానికంటే ఒకటి చిన్న బోనుల్లో పెట్టి 20 రోజుల దాకా ఉంచడం. వీధంతా తనదే అన్నట్టు తిరిగిన కుక్కని! 1951లో బాబిక్ అనే కుక్క ప్రయోగానికి ముందు చక్కగా పారిపోయింది. అప్పటికప్పుడు దొరికిన మరో వీధికుక్కని ఎక్కిస్తే, శిక్షణా లేదు పాడూ లేదు, అది క్షేమంగా దిగింది.

ప్రశ్న: లైకా కొన్ని రోజులు బతికి, నొప్పి తెలియకుండా పోయిందని చదివాను. నిజమేనా?

జవాబు: మేమూ అలాగే చదువుకున్నాం, కాదు. 1957 నవంబర్ 3న లైకా ఎక్కిన స్పుత్నిక్-2 నౌక ఎగిరాక కొన్ని గంటల్లోనే క్యాబిన్ వేడెక్కి చనిపోయింది. ఆ సంగతి బయటికి రావడానికి 2002 దాకా పట్టింది. అసలు వెనక్కి దింపే ఏర్పాటే లేదు, 1917 నాటి రష్యా విప్లవం 40వ వార్షికోత్సవానికి అందించాలని నెలలోపే హడావిడిగా తయారుచేశారు మరి. ప్రాణి కక్ష్యలోకి వెళ్లినా బతికే ఉంటుందని తెలిసింది, కాదనను, కానీ ఆ తొందర సైన్సుది కాదు, క్యాలెండర్‌ది. యాజ్‌దోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త ప్రయాణానికి ముందు దాన్ని ఇంటికి తీసుకెళ్లి పిల్లలతో ఆడుకోనిచ్చాడు. పంపినవాళ్లలో ఒకరైన గజెంకో, తెలుసుకున్నది ఆ చావుకి తగినంత లేదని 1998లో ఒప్పుకున్నాడు.

ప్రశ్న: తిరిగొచ్చినవి లేవా?

జవాబు: ఎందుకు లేవు! 1960 ఆగస్టులో బెల్కా, స్ట్రెల్కా భూమి చుట్టూ తిరిగి ప్రాణాలతో దిగాయి. నాలుగో చుట్టులో బెల్కా వాంతి చేసుకోవడం చూసి భయపడే, అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మనిషి గగారిన్‌ని 1961లో ఒక్క చుట్టుకే పంపారు. స్ట్రెల్కా తర్వాత ఆరు పిల్లల్ని పెట్టింది. వాటిలో పుషింకాని సోవియట్ నేత కృశ్చేవ్ అమెరికా అధ్యక్షుడు కెనడీ ఇంటికి కానుకగా పంపితే, అక్కడ అది కెనడీల కుక్క చార్లీతో జతకట్టింది. అలా మాస్కో వీధికుక్క మనవలు వైట్‌హౌస్‌లో పుట్టాయి.