ఇంగ్రెస్‌లో రేట్ లిమిట్ పెట్టాక మామూలు యూజర్లకే 503 ఎందుకొస్తోంది?

మీరు రాసినదాన్ని బట్టి కుబర్నెటీస్ (యాప్‌లని చాలా మెషీన్ల మీద కలిపి నడిపే వ్యవస్థ) క్లస్టర్‌లో ఆరేడు ఏపీఐలున్నాయి, అన్నిటికీ ముందు, బయటి రిక్వెస్టుల్ని సరైన ఏపీఐకి పంపే ఇంగ్రెస్-ఎంజిన్‌ఎక్స్ కంట్రోలర్ ఉంది, లిమిట్-ఆర్‌పీఎస్ (సెకనుకి ఇన్ని రిక్వెస్టులే అనే పరిమితి) 20 అని పెట్టగానే ఏ తప్పూ చేయని యూజర్లకు 503లు, అంటే 'సర్వీస్ అందుబాటులో లేదు' అనే ఎర్రర్లు, మొదలయ్యాయి. దయచేసి ఆ 20ని 50, 100 అంటూ పెంచుకుంటూ పోకండి. ముందు కంట్రోలర్ యాక్సెస్ లాగ్ తెరిచి, ప్రతి లైను మొదట్లో ఉండే ఐపీ చూడండి.

మేం ఒక డెలివరీ యాప్‌కి ఇదే సెటప్ నడుపుతున్నప్పుడు ఆ లాగ్‌లో వేల లైన్లుండేవి, ఐపీలు మాత్రం రెండో మూడో, అన్నీ 10తో మొదలయ్యేవే. అవి యూజర్లవి కావు, మా నోడ్‌లవే, అంటే క్లస్టర్‌లోని మెషీన్లవే. ఈ లిమిట్ క్లయింట్ ఐపీని బట్టి లెక్కపెడుతుంది కాబట్టి యూజర్లందరూ ఒకే ఖాతాలో పడిపోయారు. కంట్రోలర్ సర్వీస్‌లో ఎక్స్‌టర్నల్ ట్రాఫిక్ పాలసీకి కుబర్నెటీస్ డిఫాల్ట్ 'క్లస్టర్', అంటే రిక్వెస్ట్ ఏదో ఒక నోడ్‌లో దిగి, కంట్రోలర్ పాడ్ (నడుస్తున్న ఒక కాపీ) ఉన్న నోడ్‌కి వెళ్ళే దారిలో అసలు ఐపీ పోతుంది.

దాన్ని 'లోకల్' చేస్తే ఐపీ నిలుస్తుంది. అయితే అప్పుడు కంట్రోలర్ పాడ్ ఉన్న నోడ్‌లకే ట్రాఫిక్ వెళ్తుంది, అందుకని దాని రెప్లికాలు (ఒకే పాడ్‌కి ఉన్న కాపీలు) వేర్వేరు నోడ్‌ల మీద ఉండేలా చూసుకోండి. మీ లోడ్ బ్యాలెన్సరే మధ్యలో కనెక్షన్ తెంచి కొత్తది తెరిచే రకమైతే ఇదొక్కటే సరిపోదు. అది హెచ్‌టీటీపీ స్థాయిదైతే, బ్యాలెన్సర్ హెడర్‌లో పంపే అసలు ఐపీని నమ్మమని చెప్పే యూజ్-ఫార్వర్డెడ్-హెడర్స్ ఆన్ చేసి, ప్రాక్సీ-రియల్-ఐపీ-సీఐడీఆర్‌లో బ్యాలెన్సర్ అడ్రస్‌ల రేంజ్ మాత్రమే ఇవ్వండి. డిఫాల్ట్ వదిలేస్తే ఎవరు ఏ హెడర్ పంపినా నమ్ముతుంది, అప్పుడు లిమిట్ ఉన్నా లేనట్టే. టీసీపీ స్థాయిదైతే, అసలు ఐపీని కనెక్షన్ మొదట్లోనే చెప్పే ప్రాక్సీ ప్రోటోకాల్‌ని బ్యాలెన్సర్, కంట్రోలర్ రెండు వైపులా ఒకేసారి ఆన్ చేయాలి, ఒక వైపే చేస్తే రిక్వెస్టులన్నీ ఫెయిలవుతాయి.

ఐపీ సరయ్యాక కూడా ఆ 20 అచ్చంగా 20 కాదు. ప్రతి కంట్రోలర్ పాడ్ తన లెక్క తనే పెట్టుకుంటుంది, మూడు రెప్లికాలుంటే ఒకే ఐపీకి సెకనుకి 60 దాకా వెళ్ళొచ్చు. పైగా బర్స్ట్ మల్టిప్లయర్ (ఒక్కసారిగా వచ్చేవాటికి లిమిట్‌కి ఎన్ని రెట్లు సడలింపో చెప్పేది) డిఫాల్ట్ 5, కాబట్టి ఒక్కసారిగా వచ్చే 100 రిక్వెస్టుల్ని ఒక్కో పాడ్ అడ్డు చెప్పకుండా పోనిస్తుంది. ఆటోస్కేలింగ్ (లోడ్‌ని బట్టి పాడ్‌ల సంఖ్య మారడం) పెట్టారా, పాడ్‌లు పెరిగిన కొద్దీ లిమిట్ కూడా దానంతటదే పెరుగుతుంది.

మన దేశంలో ఇంకో చిక్కుంది. మొబైల్ నెట్‌వర్క్‌లలో చాలామంది ఒకే పబ్లిక్ ఐపీవీ4 వెనక ఉంటారు, సీజీనాట్ అంటారు కదా, అదే. అందుకే ఇంగ్రెస్ దగ్గర ఐపీ లిమిట్‌ని బాగా వదులుగా, వరదలా వచ్చే బాట్‌లని ఆపడానికి మాత్రమే ఉంచాలనేది నా గట్టి అభిప్రాయం. ఒక్కో కస్టమర్‌కి ఇన్ని కాల్స్ అనే కోటా ఏపీఐ కీ మీద, రెడిస్ లాంటి డేటా స్టోర్‌లో ఉంచే ఉమ్మడి లెక్కతో, అప్లికేషన్‌లోనో ఏపీఐ గేట్‌వేలోనో పెట్టండి.

కంట్రోలర్ సెట్టింగులుండే కాన్ఫిగ్‌మ్యాప్‌లో లిమిట్-రెక్-స్టేటస్-కోడ్‌ని 429 ('మరీ ఎక్కువ రిక్వెస్టులు' అనే కోడ్) చేయడం కూడా ఇవాళే చేసేయండి. సర్వీస్ వెనక పాడ్‌లే లేకపోయినా ఈ కంట్రోలర్ 503నే ఇస్తుంది, రెండూ కలిసిపోతే రాత్రిపూట అలర్ట్ వచ్చినప్పుడు ఏది ఏదో తేల్చుకోవడానికి పెద్ద టెన్షన్.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి, ఇంగ్రెస్-ఎంజిన్‌ఎక్స్ ప్రాజెక్టుని ఆపేస్తున్నామని 2025 నవంబర్‌లో ప్రకటించారు, 2026 మార్చి తర్వాత సెక్యూరిటీ ఫిక్స్‌లు కూడా ఉండవన్నారు. కాబట్టి లిమిట్-ఆర్‌పీఎస్ లాంటి ఈ యానోటేషన్ల (ఇంగ్రెస్‌కి తగిలించే సెట్టింగుల) మీద ఇంకా పెద్ద కట్టడం కట్టకండి. ఇంగ్రెస్ స్థానంలో వచ్చిన కుబర్నెటీస్ స్టాండర్డ్ గేట్‌వే ఏపీఐకి మారేటప్పుడు రూటింగ్ చాలావరకు ఇంగ్రెస్2గేట్‌వే టూల్‌తో మారుతుంది, రేట్ లిమిట్ మాత్రం ఆ స్టాండర్డ్‌లో లేదు, మీరు ఎంచుకునే కంట్రోలర్ సొంత పాలసీలో మళ్ళీ రాసుకోవాల్సిందే.