హవాయిలో కిరాణా సరుకులు అంత ఖరీదెందుకు?

వంటగది ఉన్న అద్దె ఇంట్లో దిగి స్వయంగా వండుకున్నా, హవాయిలో సరుకుల ఖర్చు అమెరికా ప్రధాన భూభాగంలో కంటే బాగా ఎక్కువే అవుతుంది, ఎందుకంటే అక్కడివారు తినే ఆహారంలో సింహభాగం సముద్రం దాటి రావాలి. కాలిఫోర్నియా తీరం నుంచి ఆ దూరం దాదాపు 3,800 కిలోమీటర్లు. అమెరికా రేవుల మధ్య సరుకు రవాణా అమెరికాలో నిర్మించిన, అమెరికన్లు నడిపే ఓడల్లోనే జరగాలని 1920 నాటి జోన్స్ చట్టం నిర్దేశిస్తుంది కనుక, చవకగా మోసే విదేశీ ఓడలకు ఆ దారిలో చోటు లేదు. పైగా ఎక్కువ సరుకు ముందుగా రాజధాని హొనొలులులో దిగి, బార్జీలనే చదునైన సరుకు పడవలపై మిగతా దీవులకు చేరుతుంది. కిరాణా బిల్లులో రాష్ట్రపు 4 శాతం పన్ను కూడా కలుస్తుంది.

బియ్యాన్నే చూడండి. ఒకప్పుడు ఆ దీవుల్లో వరి విస్తారంగా పండేది, ఇప్పుడు దుకాణాల్లోని సంచులు ఎక్కువగా కాలిఫోర్నియావి. ఆ అన్నం మెతుకుకు మెతుకు అంటుకుంటుంది, సోనా మసూరిలా పొడిపొడిగా రాదు.

ఉష్ణమండల దీవి కాబట్టి అన్నీ అక్కడే పండి చవకగా దొరుకుతాయనుకోవడం చాలామంది పొరపాటు. మంచి భూములు తరతరాలుగా ఎగుమతి కోసం చెరకుకూ అనాసకూ పోయాయి, ఆఖరి చక్కెర మిల్లు 2016లో మూతపడింది. స్థానిక రైతుల సంతల్లో బొప్పాయి, అరటి, చేమదుంప తాజాగా, తరచుగా సూపర్‌మార్కెట్ కంటే తక్కువకే దొరుకుతాయి; పాలు, గుడ్ల విషయంలో మాత్రం అంత వెసులుబాటు ఆశించకూడదు.