‘నేదు’ అని రాసిన పిల్లాడు

విజయనగరం

అమ్మలూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఎమ్మెస్సీ సైకాలజీ అయిపోయింది, స్కూల్ సైకాలజిస్టు అవ్వాలంటే పీహెచ్‌డీ ఇక్కడ చెయ్యాలా, అమెరికా వెళ్లాలా అని అడిగావు. మీ నాన్నేమో బీఈడీ చేసి టీచరైపోతే పోలా అంటున్నాడట. ఆయన సంగతి నాకొదిలెయ్, మా మరిదే కదా.

ముందు ఒకటి తెలుసుకో. మన దగ్గర పీహెచ్‌డీ చేస్తే పరిశోధన చెయ్యడం వస్తుంది. పిల్లలతో పని చెయ్యడం దానంతటది రాదు. 12 క్రెడిట్ల కోర్సు వర్కు, ఆపైన థీసిస్, అయిపోయింది. ఒక్క పిల్లాణ్ణీ ఎదురుగా కూర్చోబెట్టుకోకుండా పేరు ముందు డాక్టర్ పెట్టుకున్నవాళ్లని చూశాను. అమెరికాలో అలా కుదరదు. డాక్టరేటు చేసేవాళ్లకి 1500 గంటల ఇంటర్న్‌షిప్పు ఉండాలని అక్కడి స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం నియమం. అందులో 600 గంటలు బడిలోనే గడవాలి, పక్కన అనుభవమున్న మనిషి ఉండి చూస్తుండాలి. అయితే అక్కడ బడిలో పని చెయ్యడానికి డాక్టరేటే అక్కర్లేదు. ఎమ్మెస్సీకి పైన, డాక్టరేటుకి కింద ఉండే స్పెషలిస్టు డిగ్రీతో చాలామంది పనిచేస్తున్నారు, దానికి ఇంటర్న్‌షిప్పు 1200 గంటలు. అంచేత ఉద్యోగమే నీ ఉద్దేశమైతే అంత చదువు అనవసరం. పీహెచ్‌డీకే వెళ్తానంటావా, ఫీజు మాఫీ, అసిస్టెంట్‌షిప్పు కాగితం మీద రాసిచ్చిన చోటికే వెళ్లు. పొలం అమ్మి మాత్రం వద్దు.

ఇక్కడే ఉంటానంటే ఇంకో చిక్కుంది. స్కూల్ సైకాలజిస్టు అని విడిగా లైసెన్సు మనకి లేదు. ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, దాని రిజిస్ట్రేషన్ క్లినికల్ సైకాలజిస్టులకీ రిహాబిలిటేషన్ సైకాలజిస్టులకీ ఉంటుంది. అది లేకుండా పీహెచ్‌డీ చూపించి క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు కట్టకూడదు. పిల్లల లోపాలు నిర్ధారించే పని చెయ్యాలనుంటే ఆర్‌సీఐ గుర్తింపున్న కోర్సు ఏదో ఒకటి నీ దారిలో పెట్టుకో, పీహెచ్‌డీకి ముందైనా సరే, తర్వాతైనా సరే.

యూజీసీ నెట్ పరీక్ష గురించి నీకే బాగా తెలుసు. అందులో జేఆర్ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్పు, వస్తే నెలకి 37,000, ఇంట్లో చెయ్యి చాచక్కర్లేదు. రాకపోయినా పీహెచ్‌డీకి అర్హత వస్తే, సీటిచ్చేటప్పుడు ఆ స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం లెక్కేస్తారు. స్కోరు ఏడాదే పనికొస్తుంది, అటకెక్కించకు.

గైడు విషయంలో మాత్రం నిదానించు. నా గైడు నడిమధ్యలో రిటైరైపోయారు. యూనివర్సిటీ పేరెందుకులే. కొత్త గైడు కోసం ఏడాదిన్నర ఆ వరండాలో కూర్చున్నాను, ప్యూనుతో స్నేహం కుదిరింది గానీ సంతకం కుదర్లేదు. ఇప్పుడు మూడేళ్లలోపు సర్వీసున్నవాళ్లు కొత్త విద్యార్థుల్ని తీసుకోకూడదని రూలుంది, అయినా నువ్వే అడిగి తెలుసుకో. వాళ్ల దగ్గర ఇప్పటికే చేస్తున్న పిల్లల్ని క్యాంటీన్లో పట్టుకుని, ‘చాప్టరు ఇస్తే ఎన్నాళ్లకి తిరిగిస్తారు?’ అని అడుగు. ఆ ఒక్క జవాబు చాలు.

ఇప్పుడు అసలు సంగతి, నేను సిగ్గుపడే సంగతి. పీహెచ్‌డీ మొదలెట్టిన కొత్తలో శ్రీకాకుళం వైపు ఒక బడికి వెళ్లాను. నాలుగో తరగతి పిల్లాడి డిక్టేషన్ పుస్తకం నా ముందు పెట్టారు. ‘లేదు’ అంటే ‘నేదు’ అని రాశాడు. ‘చేను’ని ‘సేను’ చేశాడు. ‘వదిలేసి’ అన్నచోట ‘ఒగ్గేసి’. పేజీ నిండా ఎర్ర సున్నాలు. నేను పుస్తకాల్లో చదివిన లక్షణాలు సరిపోయాయనుకుని, చదవడంలో లోపం ఉండొచ్చని రిపోర్టు రాసేశాను. సాయంత్రం వాళ్ల నాయనమ్మ వచ్చింది. ‘మా గుంటడికి ఏటైనాది తల్లీ? నాకేటీ తెల్డం నేదు’ అంది. ఆవిడ నోట్లోంచి ‘నేదు’ రాగానే నా చేతిలో కాగితం బరువెక్కింది. వాడు తప్పు రాయలేదమ్మలూ, విన్నదాన్ని తన ఇంటి మాటలో రాశాడు. శబ్దాన్ని అక్షరంలో పెట్టడం వాడికి చక్కగా వచ్చు. మర్నాడు వెళ్లి ఆ రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. నీది శ్రీకాకుళం కాదా అని హెడ్మాస్టరు నవ్వారు.

నిజంగా ఇబ్బందున్న పిల్లలు నాకు వేరేలా కనిపించారు. గుణింతాల దగ్గరా ఒత్తుల దగ్గరా తడబడతారు, నిన్న చదివిన మాటే ఇవాళ కొత్తగా కూడబలుక్కుంటారు, చదువుతుంటే చెమట పడుతుంది. సీతంపేట వైపు సవర పిల్లలకైతే బడి తెలుగే రెండో భాష. ఇంగ్లీషు బడుల కోసం తయారైన పరీక్షా స్కేలుని తర్జుమా చేసి వాళ్ల మీద పెట్టే టాపిక్ మాత్రం ఎత్తుకోకు. ఇక్కడి మాటే నీ థీసిస్ కావచ్చు, ఆలోచించు.

ఇక్కడే చేస్తే, పిల్లలతో పనిచేసిన గంటలు నువ్వే పోగేసుకోవాలి. ఒకే బడి, వారానికో రోజు, ఆరు గంటలు. ఏడాదికి 40 వారాలు వెళ్తే 240, నాలుగేళ్లకి 960. ఎవరైనా అనుభవమున్నవాళ్లని బతిమాలి నెలకోసారి నీ కేసులు వినమను. తేదీ, ఏం చేశావు, ఎక్కడ తడబడ్డావు, రోజూ రాసుకో. ఇంకోటి, పిల్లలు ఏదైనా చెప్పబోతే ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోక్సో చట్టం ప్రకారం నువ్వు రిపోర్టు చేసి తీరాలి, అప్పుడు మాట తప్పినదానివవుతావు.

డేటా సేకరణకి డీఈవో అనుమతి, ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు కావాలి. సంతకాల దగ్గర చాలా టైము పోతుంది. తీరం ఊళ్లలో తండ్రులు వేటకి గుజరాత్‌లో వెరావల్ వెళ్లిపోయి ఉంటారు, నెలల తరబడి రారు. ‘తండ్రి సంతకం’ గడి చూసి ఒకమ్మాయి గంటసేపు మాట్లాడలేదు. అప్పట్నుంచి ఫారంలో ‘ఇంటి పెద్ద’ అని పెట్టాను. పైడితల్లి సిరిమాను వారంలోనూ, సంక్రాంతి ముందూ విజయనగరం బడులకి వెళ్లకు, బెంచీలు తప్ప ఎవరూ దొరకరు.

ఈ ఆదివారం ఇంటికి రా. నువ్వనుకున్న టాపిక్కులు మూడు రాసి తీసుకురా. అటక మీంచి నా సెగ్విన్ ఫారం బోర్డు దించి తుడిచి ఉంచుతాను, అదే, రకరకాల ఆకారాల ముక్కల్ని వాటి గుంటల్లో పెట్టించి ఎంత టైము పట్టిందో చూసే పలక. పది ముక్కల్లో నక్షత్రం ఎప్పుడో పోయింది, మన వీధి వడ్రంగి చేత చేయించాను, గుంటలో కాస్త బిగువుగా పడుతుంది. అందుకని దాంతో టైము లెక్కలు తియ్యకు. పిల్లలకి బెరుకు పోయేదాకా ఆడించడానికి పట్టుకుపో.

మీ పెద్దమ్మ