పేరు కళ్లెదుటే ఉన్నా ‘దొరకలేదు’ అంటోంది: మా అమ్మాయి కోడింగ్ మానేయాలా?

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాను. మా అమ్మాయి బీసీఏ రెండో సంవత్సరం. కాలేజీ ప్రాజెక్టు కోసం మిర్చి ధరలు చూపించే వెబ్‌పేజీ మొదలుపెట్టింది. అందులో రకం పేరు సరిగ్గా టైప్ చేసినా ‘దొరకలేదు’ అని వస్తోంది. క్వింటా 9500 రేటు 18000 కంటే ఎక్కువని చూపిస్తోంది. వారం నుంచి టెన్షన్ పడి ఏడుస్తోంది. కోడింగ్ తన వల్ల కాదట, డిగ్రీ మానేసి విజయవాడలో బ్యాంకు కోచింగ్‌లో చేరతానంటోంది. పంపమంటారా?

జవాబు: డిగ్రీ మాన్పించి మాత్రం పంపకండి. బ్యాంకు పీఓ పరీక్షకైనా, క్లర్కు పరీక్షకైనా డిగ్రీ పూర్తయి ఉండాలి. ఇప్పుడు మానేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది. బ్యాంకు ఉద్యోగమే ఇష్టమైతే మూడో సంవత్సరంలో నిదానంగా మొదలుపెట్టవచ్చు.

ఇక అమ్మాయిని ఏడిపిస్తున్న ఆ రెండు తప్పులు. ఇవి తెలివికి సంబంధించినవి కావు. వెబ్ నేర్చుకునేవాళ్లకు మొదట్లో ఎదురయ్యేవే.

ఫారం బాక్సులో అంకెలు కొట్టినా ప్రోగ్రామ్ చేతికి అవి స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరసగానే అందుతాయి. రెండు స్ట్రింగులను పోల్చమంటే, వెబ్‌పేజీలకు వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్, నిఘంటువులో మాటలు వెతికినట్టు మొదటి అక్షరం నుంచి చూస్తుంది. 9 కంటే 1 ముందు వస్తుంది కాబట్టి అక్కడితో తేల్చేస్తుంది, మిగతా అంకెలు చూడదు. అందుకే 9500 పెద్దదైంది. పోల్చేముందు రెండింటినీ సంఖ్యలుగా మార్చుకుంటే సరిపోతుంది.

పేరు దొరకకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ‘తేజ’ అనే రకం పేరు తర్వాత ఒక ఖాళీ పడితే అది వేరే స్ట్రింగ్. దానికి ముందూ వెనకా ఖాళీలను తీసేసే ట్రిమ్ వాడాలి. ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాలు వేరు, కాబట్టి రెండు వైపులా చిన్నబడిలోకి మార్చి పోల్చాలి. తెలుగులో టైప్ చేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, దీన్ని క్లాసుల్లో పెద్దగా చెప్పరు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి. ‘సూపర్ టెన్’ అని రెండు చోట్లా ఒకేలా కనిపించినా, ఒకదాని పొడవు 10, చివర ఆ గుర్తు ఉన్నదాని పొడవు 11 అవుతుంది. ట్రిమ్ దాన్ని తీసేయదు, విడిగా తొలగించాలి. రెండు పేర్ల లెంగ్త్, అంటే పొడవు, బ్రౌజర్‌లో ప్రోగ్రామ్ ఫలితాలు చూపించే కన్సోల్‌లో ప్రింట్ చేసి చూడమనండి, తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

అమ్మాయి ‘=’ కి, ‘==’ కి, ‘===’ కి తేడా కూడా గట్టిగా పట్టుకోవాలి. ఒక్క = విలువను పెట్టేస్తుంది, పోల్చదు. == రెండు వైపులా విలువల రకాలు (ఒకటి స్ట్రింగ్, ఇంకోటి సంఖ్య) వేరైతే తనే మార్చుకుని చూస్తుంది, కాబట్టి అక్షరం 5, సంఖ్య 5 సమానమే అంటుంది. === విలువ రకం కూడా చూసి కాదంటుంది. మొదటి నుంచీ === అలవాటు చేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. కాలేజీలో జావా అనే వేరే భాష కూడా చెబుతుంటే జాగ్రత్త: అక్కడ స్ట్రింగుల మధ్య == పెడితే రెండూ మెమరీలో ఒకే వస్తువా అని చూస్తుంది, అక్షరాలను పోల్చడానికి ఈక్వల్స్ వాడాలి. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒక భాష నియమాన్ని ఇంకో భాషకు తగిలిస్తే పిల్లలు వృథాగా కుంగిపోతారు.

కోడింగ్ సరిపడుతుందా లేదా అన్నది ఈ తప్పులు పడ్డాయా అనేదాన్ని బట్టి తేలదు. ఎందుకిలా జరిగిందో తెలిశాక ఆమెకు ఇంకొంచెం చూడాలనిపిస్తోందా? అది గమనించండి. ఆ కుతూహలం ఉన్నవాళ్లకు డెవలపర్ ఉద్యోగం ఒక్కటే కాదు, టెస్టింగ్ (ప్రోగ్రామ్‌లలో తప్పులు వెతికే పని) కూడా మంచి దారి. పై విషయాలు సరిచేశాక కూడా మనసు ఒప్పకపోతే బలవంతపెట్టకండి, డిగ్రీ మాత్రం పూర్తిచేయించండి.

ఈ లోపు మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. ఆదివారం ఆమె పక్కన కూర్చుని, మీ కొట్టులో ఒక్కో గుమస్తా రకాల పేర్లను ఎన్ని తీర్లుగా రాస్తాడో అన్నీ టైప్ చేసి ఇవ్వండి. ఆ జాబితాలో ఏ పేరుకు పేజీ తప్పు జవాబిస్తుందో ఆమె ఒక్కొక్కటే చూసి సరిచేసుకుంటుంది.