కోలా, కొండముచ్చు ఒక జాతివేనా?

ప్రశ్న: మా ఊరి కొండముచ్చులు చింతచిగురు తెగ తింటాయి గానీ, జామాయిల్ ఆకును ముట్టుకోవడం నేను చూడలేదు. ఆస్ట్రేలియాలోని కోలాకు ఆ ఆకే ఆహారమని మా అమ్మాయి పుస్తకంలో ఉంది. రెండూ చెట్లపైనే ఉంటాయి, పిల్లను మోసుకు తిరుగుతాయి. ఇవి ఒక జాతివేనా? ఆ ఆకుతో కోలా ఎలా బతుకుతోంది?
– ఒక పాఠకురాలు, మందస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఒక జాతివి కావండి. కొండముచ్చు కోతి కుటుంబానిది. కోలా, కంగారూలాగా, పిల్లను సంచిలో పెంచే క్షీరదం.

ఆకులోని పీచును ఏ క్షీరదమూ సొంతంగా అరిగించుకోలేదు. ఆ పని కడుపులోని సూక్ష్మజీవులు చేయాలి. కొండముచ్చుకు అవి జీర్ణాశయం ముందుభాగంలోని అరల్లో ఉంటాయి కనుక, ఆవు పొట్టలో జరిగినట్టే, ఆకు మొదట అక్కడ పులిసి తర్వాత అరుగుతుంది. కోలాకు మాత్రం అవి పెద్దపేగు మొదట్లో, సుమారు 2 మీటర్ల పొడవుండే అంధనాళంలో ఉంటాయి. జామాయిల్ ఆకులో పీచుతోపాటు విషపదార్థాలూ ఉంటాయి. వాటిని కోలా కాలేయం విరిచేస్తుంది. అలాంటి ఎంజైములను తయారుచేసే జన్యువులు దానిలో అసాధారణంగా ఎక్కువగా ఉన్నాయని 2018లో వెలువడిన కోలా జన్యుపటం చూపింది. అయినా వందలాది జామాయిల్ జాతుల్లో అది కొన్నిటినే, వాసన చూసి మరీ, ఎంచుకుంటుంది. ఆ ఆకులో బలం తక్కువ కాబట్టి రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్రలోనూ విశ్రాంతిలోనూ గడుపుతుంది. కొండముచ్చు ఆకుతోపాటు పూలు, పళ్ళు, గింజలు కూడా తింటుంది. కొమ్మ నుంచి కొమ్మకు దూకే శక్తి దానికి అందుకే ఉంది.

పిల్లల పెంపకంలో తేడా ఇంకా పెద్దది. కోలా పిల్ల సుమారు 35 రోజులకే పుడుతుంది, గ్రాము బరువు కూడా ఉండదు. కళ్ళు తెరవని ఆ ప్రాణి తనంతట తానే పాకి సంచిలోకి చేరి, చనుమొన పట్టుకుని దాదాపు ఆరు నెలలు అక్కడే పెరుగుతుంది. ఆకు తినే వయసు రాబోతుండగా తల్లి అంధనాళం నుంచి వచ్చే మెత్తని పదార్థాన్ని తింటుంది, దాని ద్వారానే సూక్ష్మజీవులు పిల్ల కడుపులోకి చేరతాయి. ఈ రెండు జంతువుల కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా అబ్బురపరిచేది ఇదే. వీపెక్కడం ఆ తర్వాతి మాట. కొండముచ్చు పిల్ల ఆరు నెలలకు పైగా గర్భంలో ఉండి, కళ్ళు తెరిచే పుట్టి, తల్లి పొట్టను కరుచుకుంటుంది. మందలోని ఇతర ఆడవి కూడా దాన్ని ఎత్తుకుంటాయి. కోలా తల్లికి అలాంటి తోడు లేదు, అది ఒంటరి జీవి.

మీరు గమనించిన పోలికలో నిజం లేకపోలేదు. కోతులకూ మనకూ ఉన్నట్టే కోలాకూ వేలిముద్రలు ఉన్నాయి. కానీ అవి ఉమ్మడి పూర్వీకుల నుంచి సంక్రమించినవి కావు. కొమ్మను గట్టిగా పట్టుకోవలసిన అవసరం వల్ల రెండు వంశాల్లోనూ విడివిడిగా ఏర్పడ్డాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.