మూడు బెల్టులు, ఒక్క ఛాంపియన్

ప్రశ్న: జపాన్ రెజ్లింగ్ పాత ఫొటోల్లో ఛాంపియన్ ఒక బెల్టును నడుముకు కట్టుకుని, మరో రెండింటిని భుజాల మీద వేసుకుని కనిపిస్తాడు. ఒక టైటిల్‌కు మూడు బెల్టులు ఎందుకు? ఫలితం ముందే నిర్ణయమయ్యే పోటీల్లో దానికి అంత గౌరవం ఎలా వచ్చింది?

జవాబు: మీరు చూసినది ఆల్ జపాన్ ప్రో రెజ్లింగ్ సంస్థకు చెందిన ట్రిపుల్ క్రౌన్ హెవీవెయిట్ టైటిల్. జపాన్ అభిమానులు దీన్ని ‘సాంకాన్’ అంటారు. మూడు కిరీటాలని ఆ మాటకు అర్థం. వేర్వేరు చరిత్రలున్న మూడు టైటిళ్లు కలిసి ఒకటయ్యాయి కాబట్టే బెల్టులు మూడు.

వాటిలో అన్నిటికంటే పాతదీ, నా దృష్టిలో అన్నిటికంటే బరువైనదీ ఇంటర్నేషనల్ టైటిల్. జపాన్ ప్రొఫెషనల్ రెజ్లింగ్‌కు పితామహుడని పేరుపొందిన రికిడోజాన్ 1958 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో అమెరికా రెజ్లర్ లూ థెజ్‌ను ఓడించి దాన్ని గెలుచుకున్నాడు. యుద్ధంలో ఓడి పదమూడేళ్లయిన దేశానికి అమెరికా గడ్డ మీద దక్కిన ఆ గెలుపు ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1963లో రికిడోజాన్ కత్తిపోటుకు గురై మరణించాక, 1965లో ఆ టైటిల్ ఆయన శిష్యుడు జెయంట్ బాబాకు దక్కింది. మరో శిష్యుడు ఆంటోనియో ఇనోకి 1971లో గెలుచుకున్నది యునైటెడ్ నేషనల్ టైటిల్. ఇక మూడోదైన పీడబ్ల్యూఎఫ్ (పసిఫిక్ రెజ్లింగ్ ఫెడరేషన్) టైటిల్, బాబా 1972లో ఆల్ జపాన్‌ను స్థాపించిన తరువాత వచ్చినది. 1973లో తొలి ఛాంపియన్ కూడా ఆయనే.

కాలక్రమంలో మూడూ ఆల్ జపాన్ గొడుగు కిందికి చేరాయి. 1988లో గెనిచిరో టెన్ర్యూకూ బ్రూజర్ బ్రోడీకీ మధ్య జరిగిన ఏకీకరణ పోరు ఫలితం తేలకుండానే ముగిసింది. చివరకు 1989 ఏప్రిల్ 18న టోక్యోలోని ఓటా వార్డు వ్యాయామశాలలో, ఇంటర్నేషనల్ ఛాంపియన్ జంబో సురుటా, మిగిలిన రెండు టైటిళ్లూ చేతిలో ఉన్న స్టాన్ హాన్సెన్‌ను ఓడించి తొలి ట్రిపుల్ క్రౌన్ ఛాంపియన్ అయ్యాడు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. అంతకు ముందు పెద్ద రెజ్లర్లిద్దరు తలపడితే, ఎవరి పరువూ పోకుండా, ఇద్దరూ రింగ్ బయటే ఉండిపోయారనో ఒకరు నిబంధన మీరారనో పోటీని ముగించడం ఆనవాయితీ. ఈ టైటిల్ కాలంలో బాబా ఆ పద్ధతిని క్రమంగా వదిలేశాడు: ఛాంపియన్ ఓడితే రింగ్ మధ్యలో, భుజాలు నేలకు ఆని, మూడు లెక్కపెట్టించుకునే ఓడాలి. 1989 జూన్ 5న టోక్యోలోని బుడోకాన్ హాల్‌లో టెన్ర్యూ పవర్‌బాంబ్‌తో (ప్రత్యర్థిని పైకెత్తి వీపు నేలకు తగిలేలా పడేసే దెబ్బ) సురుటాను అలాగే ఓడించాడు. ఫలితాన్ని ముందే నిర్ణయించినా ఆ దెబ్బలను భరించే మెడ, వెన్ను నిజమైనవే. ఓటమి ఓటమిలా కనిపించినప్పుడే గెలుపుకు విలువ వచ్చింది. 1992 ఆగస్టులో హాన్సెన్‌ను ఓడించిన మిత్సుహారు మిసావా ఏకంగా 705 రోజులు ఛాంపియన్‌గా నిలిచాడు. 1994 జూన్ 3న బుడోకాన్‌లో హైస్కూల్లో తన జూనియర్ అయిన తొషియాకి కవాదాతో ఆయన ఆడిన పోటీని నేటికీ చాలామంది అభిమానులు ఈ టైటిల్ చరిత్రలో శిఖరంగా భావిస్తారు. నేనూ వారిలో ఒకడిని.

1999 జనవరిలో బాబా మరణించాడు. మరుసటి ఏడాది మిసావా అత్యధిక రెజ్లర్లను వెంటబెట్టుకుని వెళ్లి నోవా సంస్థను నెలకొల్పాడు. ఆల్ జపాన్‌లో మిగిలిన జపనీస్ తారల్లో కవాదా ముఖ్యుడు. ఖాళీగా ఉన్న టైటిల్ కోసం 2000 అక్టోబరులో జరిగిన ఫైనల్లో ఆయనను ఓడించినది, పదేళ్ల క్రితం సంస్థను వీడి మళ్లీ తిరిగివచ్చిన టెన్ర్యూయే. 2005 ఫిబ్రవరిలో సతోషి కోజిమా కవాదా నుంచి ట్రిపుల్ క్రౌన్‌ను గెలిచి, నాలుగు రోజులకే ప్రత్యర్థి సంస్థ న్యూ జపాన్ వారి ఐడబ్ల్యూజీపీ టైటిల్‌నూ సాధించి, రెండింటినీ ఒకేసారి ధరించిన తొలి వ్యక్తి అయ్యాడు.

ఇప్పటి ఫొటోల్లో మీకు ఒక్క బెల్టే కనిపిస్తుంది. 2013లో పాత బెల్టులు మూడింటినీ బాబా భార్య మోటోకోకు తిరిగి అప్పగించి, వాటి స్థానంలో ఒకే కొత్త బెల్టు చేయించారు.