చివరి పేజీలోకి మంత్రిగారు ఎందుకొచ్చారు?

అమ్మాయీ,

కథ అందింది. రాత్రే చదివాను. మెచ్చుకుంటూ రెండు ముక్కలు రాసి ఊరుకుందామనుకున్నాను గానీ, చివరి రెండు పేజీలు నిద్ర పట్టనివ్వలేదు. కోపంతోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

తెనాలి పిల్ల ఫొటోను ఎవడో మార్ఫింగ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లోకి వదులుతాడు. తల్లి ఆ ఫోన్‌ను బియ్యం డబ్బా అడుగున దాస్తుంది. అక్కడిదాకా నువ్వు రచయిత్రివి. తర్వాత మంత్రిగారు టీవీలో కనబడి, ఇకపై ప్రభుత్వ అనుమతి లేకుండా ఏ ఏఐ యాప్ రాదని, తప్పుడు పోస్టు పెడితే జైలేనని ప్రకటిస్తారు. ఊరు చప్పట్లు కొడుతుంది. పిల్ల నవ్వుతుంది. అక్కడికొచ్చేసరికి నువ్వు పౌరసంబంధాల శాఖలో ఉద్యోగానికి చేరిపోయావు.

నాలుగో పేజీ తీసి మళ్ళీ చూడు. తండ్రి స్టేషన్‌కి వెళ్తే ఎస్సై "మా పరిధి కాదు, గుంటూరు పొండి" అంటాడు. ఒక్క వాక్యంలో దాటేశావు. కథంతా అక్కడే ఉంది తల్లీ. మార్ఫింగ్ చేసిన ఇలాంటి ఫొటో మీద బాధితురాలు ఫిర్యాదు చేస్తే వాట్సాప్, ఫేస్‌బుక్ లాంటి ప్లాట్‌ఫామ్ దాన్ని 24 గంటల్లో తీసెయ్యాలని 2021 ఐటీ నియమాల్లోనే రాశారు, 2026లో ఆ గడువును రెండు గంటలకు కుదించారు కూడా. అశ్లీలం ఆన్‌లైన్‌లో పెట్టడం నేరమని 2000 నాటి ఐటీ చట్టం 67వ సెక్షన్ చెబుతూనే ఉంది. పరిధి ఏదైనా సరే, నేరం జరిగిందని వస్తే జీరో ఎఫ్ఐఆర్ కట్టాలని 2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, నాగరిక్ సురక్షా సంహితలో ఉంది. ఇన్ని ఉండీ ఎస్సై ఆ తండ్రిని తిప్పి పంపాడు. నీ మంత్రిగారు తెచ్చే కొత్త చట్టం వచ్చి చేరేదీ ఆ ఎస్సై టేబుల్ మీదికే కదా? అది మటుకు అతనితో ఎందుకు పని చేయిస్తుంది?

పని చేయిస్తుందిలే, వేరే పని. 2012లో బాల్ ఠాక్రే పోయినప్పుడు ముంబై బంద్ ఎందుకని పాల్ఘర్‌లో ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది. ఇంకో అమ్మాయి దానికి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. పెట్టిన సెక్షన్లలో ఐటీ చట్టం 66-ఎ ఒకటి. "చిరాకు" కలిగించే మెసేజ్ పంపినా మూడేళ్ళ దాకా జైలు వేయొచ్చన్న సెక్షన్ అది. ఎవరికి చిరాకు, ఎంత చిరాకు, అని అడక్కు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా పోలీసులు దాని కింద కేసులు కడుతూనే ఉన్నారని 2021లో అదే కోర్టు నోరెళ్ళబెట్టింది. ఆ కేసులు ఎత్తెయ్యమని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. చచ్చిన చట్టమే ఆరేళ్ళు డ్యూటీ చేసింది, బతికున్నవాటి సంగతి చెప్పాలా?

నీ మంత్రిగారి ప్రకటన కూడా నీ సొంత కల్పనేం కాదు. 2024 మార్చి 1న కేంద్ర ఐటీ శాఖ, ఇంకా పూర్తిగా పరీక్షించని ఏఐ మోడళ్ళను జనానికి అందించాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని సలహా జారీ చేసింది. స్టార్టప్‌ల వాళ్ళు గోల పెడితే, పెద్ద కంపెనీల కోసమేలే అన్నారు. మార్చి 15న అనుమతి మాటే తీసేసి ఇంకోటి జారీ చేశారు. ఆ నిబంధన నిలిచి ఉంటే గూగుల్‌కి ఏం పోయేది? పది మంది లాయర్లను ఎక్కువ పెట్టుకునేది. మాదాపూర్‌లో రెండు గదుల్లో కూర్చుని తెలుగు యాప్ చేసుకుంటున్న కుర్రాడు మాత్రం ఫైలు పట్టుకుని ఢిల్లీ తిరిగేవాడు. కంపెనీలు పత్తిత్తులని నేననను. వాళ్ళ మీద కోపంతో గేటు దగ్గర కొత్త కాపలావాణ్ణి పెడితే, వాడు ఆపేది నిన్నూ నన్నూనే అంటున్నాను.

ఈ కాపలావాళ్ళ మీద అనుమానం నాకు నాటకాల రోజుల్లో పట్టింది. అప్పట్లో మా ఊళ్ళో నాటకం వేయాలంటే స్క్రిప్టు ముందు స్టేషన్‌లో ఇవ్వాలి. 1876లో తెల్లదొరలు తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టం ఉండేది. మనవాళ్ళు దాన్ని రద్దు చేసింది 2018లో, నమ్ముతావా? హెడ్ కానిస్టేబుల్‌గారు బీడీ ఆర్పి, ఎర్ర పెన్సిల్ తీసుకుని చదివారు. మొత్తం మీద ఒక్కచోటే గీత గీశారు. నా తాగుబోతు కానిస్టేబుల్‌ని తాగుబోతు పోస్ట్‌మన్‌గా మార్చమన్నారు. "వాళ్ళకి లాఠీలుండవు కదండీ" అని నవ్వారు కూడా. మంచాయన. అసలు కత్తిరింపు బయటికొచ్చాక మొదలైంది. మా నాటక సమాజం కార్యదర్శి, "ఎందుకొచ్చిన గొడవోయ్, తాసిల్దారు సీను కూడా లేపేద్దాం, రేపు మైకు పర్మిషన్ ఆపితే?" అన్నాడు. ఆ సీను పోయింది. స్టేజీ ఎక్కాక హీరో వేషగాడు కరణం మీది డైలాగు తనంతట తానే మింగేశాడు. పోలీసు తీసింది ఒక మాట. మావాళ్ళు తీసింది నాటకం.

నేటి ప్లాట్‌ఫామ్ ఆ కార్యదర్శే. 2021 నియమాల్లో, ప్రభుత్వం నుంచి నోటీసొస్తే పోస్టు 36 గంటల్లో తీసెయ్యాలన్నారు, 2026లో దాన్ని మూడు గంటలకు కుదించారు. తీయకపోతే, జనం పెట్టిన పోస్టులకు కంపెనీని బాధ్యురాల్ని చెయ్యకుండా ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ పోతుంది. నీ పోస్టు నిజమా కాదా అని కూర్చుని విచారించే ఓపిక ఎవడికుంది? తీసి పారేస్తాడు. 2023లో ఇంకో అడుగేసి, ప్రభుత్వం గురించి వచ్చే వార్తల్లో ఏది తప్పుడుదో ప్రభుత్వ విభాగమే తేలుస్తుందన్నారు. తన పేపరు తనే దిద్దుకోవడమన్నమాట. 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. కోర్టుకెళ్ళిన వాళ్ళలో ఒక కమెడియన్ ఉన్నాడు, రచయితలం మనం ఎటుపోయామో!

నిన్ను మాత్రమే అనడం అన్యాయమేలే. "సమస్య బాగుంది, పరిష్కారం చూపించండి" అంటూ కథలు తిప్పి పంపే ఎడిటర్ల తరం ఒకటి నడుస్తోంది. పోటీ ప్రకటనలోనే "సామాజిక ప్రయోజనం ఉండాలి" అని షరతు. పరిష్కారం అనగానే పిల్లలకు గుర్తొచ్చేది కలెక్టరో మంత్రో. నా కథలో ఎమ్మెల్యేని ఎవరూ అడక్కుండానే "ఊరి పెద్దమనిషి"గా మార్చి అచ్చేసిన మహానుభావుడొకడున్నాడు. ఆయన ఇప్పుడు యువ రచయితలకు వర్క్‌షాపులు పెడుతున్నాడట. వెళ్ళకు.

ఏ పత్రికకు పంపమంటారని అడిగావు. ఉన్న నలుగురు ఎడిటర్లతోనూ నాకు మాటల్లేవు, ఇంకెవరినైనా అడుగు. మిగతా ప్రశ్నలు తర్వాత చూద్దాం.

ముందు ఆ స్టేషన్ సీను రాయి. తండ్రిని కూర్చోమన్నారా, నిలబెట్టే మాట్లాడారా? ఫోన్ ఎవరి చేతికిచ్చాడు? ఎస్సై ఆ ఫొటో ఎంతసేపు చూశాడు? పక్కనున్న స్టేషన్ రైటర్ కూడా తొంగి చూశాడా? మంత్రిగారిని తీసేస్తే నీకు రెండు పేజీలు మిగులుతాయి, సరిపోతాయి. సంక్రాంతిలోపు పంపు. ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది, నెల రోజులు చదవనివ్వరు.